ముప్ఫై ఎకరాల సముద్రం

గోదావరి గట్టున పుట్టి, పంటకాలవలో ఈత నేర్చి, పడవమీద బడికి వెళ్ళి చదువుకున్నవాణ్ణి కూర్చోబెట్టి పడవ ఎక్కడం ఎలాగో చెబుతానంటే ఎలా ఉంటుంది? తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుంది. కిందటి ఏప్రిల్‌లో మా అమ్మాయి ఒక కాగితాల బొత్తి నా చేతిలో పెట్టి, “నాన్నా, పడవ ముట్టుకునేముందు ఇవి ఒకసారి చదవండి” అన్నప్పుడు నాకు సరిగ్గా అలాగే అనిపించింది.

ఊరు రెస్టన్. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. వాషింగ్టన్ నగరానికి పడమటి దిక్కున, డల్లెస్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉంటుంది. ఈ ప్రాంతంలో తెలుగువాళ్ళకు కొదవలేదు. సాయంకాలం చెరువుగట్టున షికారు వెళితే, గోంగూర ఏ కొట్లో లేతగా దొరుకుతుందో వాదించుకుంటూ ఎదురయ్యే జంట ఒకటైనా ఉంటుంది. మా అమ్మాయీ అల్లుడూ ఇక్కడ ఇల్లు కొని కొన్నేళ్ళయింది. ఇంటి వెనక గడ్డి, గడ్డి దాటితే చెరువు, చెరువులో రెండు తెడ్ల చిన్న పడవ. ఆ పడవను చూడగానే నాకు అరవై ఏళ్ళు తగ్గాయి. ఆ కాగితాల బొత్తిని చూడగానే మళ్ళీ పెరిగాయి.

ఆ బొత్తిలో సగం ఊరి సంఘంవారి నిబంధనలు, సగం అమెరికా కోస్టుగార్డువారివి. మా అల్లుడు వాటిని అచ్చుతీసి వరసగా కుట్టి ఉంచాడు. అటునుంచి ఇటు కేకేస్తే వినిపించే చెరువుకు ఇంత శాస్త్రమా అని నవ్వాను. ఎందుకు నవ్వకూడదో తర్వాత తెలిసింది. ఆ కథ చెప్పేముందు ఈ ఊరి పుట్టుక కొంచెం చెప్పాలి.

1961లో రాబర్ట్ ఇ. సైమన్ అనే న్యూయార్కు ఆసామి, తమ కుటుంబం చేతిలో ఉన్న కార్నెగీ హాలు అనే ప్రఖ్యాత సంగీతశాలను అమ్మగా వచ్చిన డబ్బుతో ఇక్కడ 6,750 ఎకరాలు కొన్నాడు. అంతకుముందు అది విస్కీ కాచే కుటుంబంవారి భూమి. సైమన్ తన పేరులోని పొడి అక్షరాలు మూడూ – ఆర్, ఇ, ఎస్ – తీసుకుని చివర “టన్” తగిలించి ఊరికి పేరు పెట్టాడు. 1964లో తన యాభయ్యో పుట్టినరోజున ఊరికి శ్రీకారం చుట్టాడు. వాగులకు అడ్డంగా కట్టలు వేయించి చెరువులు చేయించారు. ఇప్పుడు పెద్దవి నాలుగున్నాయి: ఏన్, థోరో, ఆడుబాన్, న్యూపోర్టు. మొదటిది సైమన్ భార్య పేర వెలిసింది. దాని వైశాల్యం ముప్ఫై ఎకరాలు, అటూ ఇటూ. మా తాలూకాలో అయితే దీన్ని ఊరచెరువుల లెక్కలో కూడా చివర్న వేస్తారు.

ఈ చెరువుల మంచిచెడ్డలు చూసేది సర్కారు కాదు, సంఘం. ఊళ్ళో ఇల్లు కొన్నవాడు సంఘంలో సభ్యుడు కావలసిందే. ఇష్టముంటే చేరడం, లేకపోతే మానడం ఉండదు. దస్తావేజుతోపాటే సభ్యత్వమూ అంటుకుని వస్తుంది, ఏటేటా కట్టవలసిన రుసుమూ వస్తుంది. పూడిక తీయించాలన్నా, కట్ట చూసుకోవాలన్నా, నాచు తొలగించాలన్నా ఆ డబ్బే. మన పల్లెల్లో వెనకటికి కుడిమరామత్తు అని ఒకటి ఉండేది. ఊరంతా కలిసి చెరువు పూడిక తీసుకోవడం, తూము బాగుచేసుకోవడం. అక్కడ ఒళ్ళు వంచేవారు, ఇక్కడ చెక్కు రాస్తారు. తేడా అంతే.

ఇక నిబంధనలు. మొట్టమొదటిది: పెట్రోలు మోటారు పెట్టకూడదు. తెడ్డు వేసుకో, తెరచాప ఎత్తుకో, లేదా బ్యాటరీతో తిరిగే మోటారు బిగించుకో. ఈ ఊళ్ళో షోకుగా కనిపించేవి రెండు గొట్టాలమీద తేలే బల్లకట్టులాంటి పడవలు. వాటిని పాంటూన్లంటారు. నాలుగు కుర్చీలు, ఒక గొడుగు, ఒక పండ్లబుట్ట వేసుకుని చప్పుడు లేకుండా తిరుగుతారు. పెళ్ళివారి విడిదిల్లు నీళ్ళమీద నడిచివెళ్తున్నట్టుంటుంది.

పెట్రోలంటే ఎందుకింత కోపం? పక్కింటి పెద్దావిడను అడిగాను. ఆవిడ పదవీ విరమణ చేసిన బడిపంతులమ్మ. వయస్సు ఎనభైకి దగ్గర. రోజూ పొద్దున్నే ఎర్రటి సన్నపడవలో చెరువు చుట్టి వస్తుంది. ఆవిడ చెప్పిందాంట్లో చప్పుడు సంగతి చివర్న వచ్చింది. పాతరకం టూ-స్ట్రోక్ మోటార్లు పోసిన పెట్రోలులో నాలుగోవంతు దాకా కాలకుండానే నీళ్ళలోకి వదిలేస్తాయట. అదొకటి. వేగంగా పోయే పడవ వెనక లేచే అల పెద్ద నదిలో అయితే ఎక్కడో కరిగిపోతుంది, ఇంత చెరువులో అయితే నేరుగా వెళ్ళి ఒడ్డును కొడుతుంది. కొట్టినప్పుడల్లా కాస్త మన్ను జారుతుంది. జారిన మన్ను అడుగున చేరి పూడిక అవుతుంది. ఆ పూడిక తీయించేది ఎవరి డబ్బుతో? “మీ అల్లుడిదీ నాదీ” అంది ఆవిడ.

ఈత కొట్టరాదు అన్న నిబంధన నాకు మరీ మింగుడు పడలేదు. ఇంటిముందు నీళ్ళు పెట్టుకుని దిగవద్దంటే, ఇస్తరాకు వేసి చేతులు కట్టేసినట్టు కాదా? దానికీ ఆవిడ దగ్గర జవాబుంది. ఈ చెరువులు అందానికే తవ్వినవి కావు. వాన పడితే రోడ్లమీదివీ, ఇళ్ళ కప్పులమీదివీ నీళ్ళన్నీ ఇక్కడికే చేరి నిలుస్తాయి. ఆ నీళ్ళతోపాటు కార్ల నూనె, పచ్చికకు చల్లిన ఎరువు, కుక్కలు చేసినది, బాతులు చేసినది అన్నీ వస్తాయి. కంటికి నీలంగా కనిపించేదంతా తాగడానికీ మునగడానికీ కాదన్నమాట. ఈతకు వేరే కొలనులు కట్టుకున్నారు.

ఇంకో సంగతి చెబితే మన పాఠకులకు నవ్వు వస్తుంది. ఇలాంటి చెరువుల్లో, పడవను వేరే నీళ్ళనుంచి తెస్తే శుభ్రంగా కడిగి, లోపలి నీళ్ళు వంపి, ఎండబెట్టిగాని దించవద్దంటారు. అడుగున అంటుకున్న చిన్న నాచుముక్క చాలు, చెరువంతా అల్లుకుపోతుంది. అలా వీళ్ళను ఏడిపిస్తున్నవాటిలో ముఖ్యమైనది హైడ్రిల్లా. ఆసియానుంచి వచ్చిన మొక్క. 1982లో వాషింగ్టన్ పక్కనే ఉన్న పొటోమాక్ నదిలో కనిపించింది. ఆవిడ దాని బొమ్మ చూపించి, “ఇదే మా శత్రువు” అంటే నేను తెల్లబోయాను. చిన్నప్పుడు మా కాలవలో కాళ్ళకు చుట్టుకున్న నాచే! మరి మన కొల్లేటినీ కాలవలనూ కప్పేస్తున్న గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుంచి వచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడాలు సరిపోయాయి.

ఇంతవరకూ సరే. పర్యావరణం, ఒడ్డుకోత, రుసుము – ఇవన్నీ చదువుకున్నవాడికి చెబితే బోధపడేవే. నాకు ఒళ్ళు మండింది లైఫ్ జాకెట్టు దగ్గర.

కోస్టుగార్డు నిబంధన ఏమంటుందంటే, పడవలో ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు, ఎవరి కొలతకు తగ్గవి వారికి, చేతికందేచోట ఉండాలి. 13 ఏళ్ళలోపు పిల్లలైతే పడవ కదులుతున్నంతసేపూ తొడుక్కునే ఉండాలి. ఈ వయస్సును రాష్ట్రాలు వేరేగా పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళు ఒంటిమీద వేసుకోవాలని లేదు. కాని మా అమ్మాయి ఇంట్లో చట్టం అంతకంటే కఠినం. పడవలో కాలుపెట్టిన ప్రతివాడూ, అరవై ఎనిమిదేళ్ళ తండ్రైనా సరే, జాకెట్టు తొడగవలసిందే.

“వశిష్ఠ ఈదినవాణ్ణే నేను, ఈ కుంటకు నాకు బెండ్లు కడతావా?” అన్నాను.

అమ్మాయి మాట్లాడలేదు. మాట్లాడకపోవడం దానికి వాళ్ళమ్మ దగ్గరనుంచి వచ్చిన విద్య.

మా రేవులో నిబంధనలు కాగితంమీద ఉండేవి కావు, పడవవాడి నోట్లో ఉండేవి. బరువు ఎంతవరకూ ఎక్కించాలో పడవ పక్క చెక్కమీద వాడికొక గుర్తు ఉండేది. నీరు ఆ గుర్తును తాకితే ఎక్కినవాడు మునసబుగారైనా సరే, “దిగండి బాబూ, మళ్ళీ కట్టుకు తీసుకెళ్తా” అనేవాడు. నిలబడవద్దంటే నిలబడకూడదు. గాలి తిరిగిందంటే గెడ ఒడ్డున పాతేసి చుట్ట ముట్టించేవాడు, ఇక ఎవరు బతిమాలినా కదిలేది లేదు. ఒక శివరాత్రి తీర్థంనాడు వాడికి జ్వరం. ఇంకెవరో గెడ పట్టారు. జనం ఎగబడి ఎక్కారు. గుర్తు ఎక్కడుందో చూసినవాడు లేడు. నడి ఏటిలో ఒకపక్కకు ఒరిగింది. మా తరగతి కుర్రవాడొకడు తిరిగి రాలేదు. మా అందరిలోకీ బాగా ఈదేవాడు వాడే. ఎవరో భయంకొద్దీ మెడ పట్టుకున్నారని తర్వాత చెప్పుకున్నారు.

ఇది నేను మరిచిపోయిన సంగతి కాదు. కాని ముప్ఫై ఎకరాల చెరువును చూసి ఏరును తలుచుకునేవాడెవడు?

ఒక శనివారం ఉదయం అమ్మాయీ అల్లుడూ బజారుకు వెళ్ళారు. ఎండ వెచ్చగా ఉంది. చెట్లన్నీ గులాబిరంగు పూలు పూసి ఉన్నాయి. మా మనవడికి ఎనిమిదేళ్ళు. “తాతయ్యా, నీకు నిజంగా పడవ వచ్చా?” అన్నాడు. ఆ ప్రశ్నకు ఏ తాత ఊరుకుంటాడు? ఇద్దరం ఎక్కాం. జాకెట్లు గూట్లోనే ఉన్నాయి.

ఇక్కడి పడవలతో ఒక చిక్కుంది. మనవాళ్ళు ముందుకు చూస్తూ గెడ వేస్తారు. వీళ్ళు వెనక్కి తిరిగి కూర్చుని రెండు తెడ్లూ లాగుతారు. పోయే దిక్కు కనపడదు, వచ్చిన దిక్కే కనపడుతుంది. మావాడు ఎదురుగా కూర్చుని “కుడికి, ఎడమకి” అంటూ దారి చెబుతున్నాడు. నడిమధ్యకు వచ్చేసరికి, “తాతయ్యా, పాంటూనొస్తోంది!” అని అరిచాడు. నేను రోడ్డుమీద ఎడమపక్కన నడిచే దేశంనుంచి వచ్చినవాణ్ణి. అలవాటుకొద్దీ పడవను ఎడమకు తిప్పాను. నీళ్ళమీద మాత్రం ప్రపంచమంతా ఒకటే పద్ధతి: ఎదురెదురుగా వచ్చినప్పుడు ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. ఆ సంగతి మన గోదావరి లాంచీ సరంగుకూ తెలుసు, నాకు తెలియదు. పాంటూను నడిపే ఆయన చటుక్కున మోటారు ఆపబట్టి సరిపోయింది. బారెడు దూరంలో ఆగాం. ఆయన కోప్పడలేదు. పిల్లవాడి ఒంటివైపు చూసి, నా మొహంవైపు చూసి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఒడ్డుకు వచ్చేసరికి పక్కింటి పెద్దావిడ రేవు చెక్కమీద నిలబడి ఉంది. చేతిలో రెండు జాకెట్లున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. “మీరు బాగా ఈదుతారని మీ అమ్మాయి చెప్పింది. నీళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు” అంది. ఆవిడ మాటకు ఎదురుచెప్పే ధైర్యం లేక తొడుక్కున్నాను. కట్టులన్నీ తనే చూసి బిగించింది. మనవడికీ తొడిగింది. “ఇప్పుడు వెళ్ళండి” అంది.

మళ్ళీ వెళ్ళాలన్న సరదా పోయింది గాని, పంతం పోలేదు. పిల్లవాణ్ణి ఒడ్డున ఉంచి, పడవను నేనొక్కణ్ణే సరిగా కడదామని ఒక కాలు చెక్కమీద, ఒక కాలు పడవలో పెట్టాను. రెండు పడవలమీద కాళ్ళన్న సామెత మనదే. పడవ జారింది. నేను పడ్డాను.

ఆ చలి సంగతి ఎలా చెప్పను? పైన ఎండ వెచ్చగా ఉన్నా, నీళ్ళలో ఇంకా శీతాకాలమే ఉంది. పడీపడగానే నా ప్రమేయం లేకుండా గుండెలనిండా ఒక్క ఊపిరి లోపలికి లాగాను. నోరు నీళ్ళలో ఉంటే అది గాలి కాదు, నీళ్ళే. జాకెట్టు నా తలను పైకి ఎత్తి ఉంచింది కాబట్టి గాలి లాగాను. తర్వాత కుక్కలా రొప్పు పట్టుకుంది. చేతులు కదపాలన్న ఆలోచన చేతులదాకా చేరలేదు. వశిష్ఠ లేదు, ఈత లేదు. ఆ పెద్దావిడ తెడ్డు చాచి, “ముందు ఊపిరి తీసుకోండి, ఈత తర్వాత” అంటూ ఉండటం మాత్రం వినిపించింది. ఒక నిమిషానికి రొప్పు తగ్గింది. తెడ్డు పట్టుకున్నాను. లోతు ఎంతో తెలుసునా? నా గడ్డందాకా.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చన్నీళ్ళలో మనిషి ఏమవుతాడో ఏళ్ళతరబడి పరిశోధించాడు. తనే మంచునీళ్ళలో దిగి చూసుకున్నవాడు. ఆయన చెప్పిన లెక్క ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత పది నిమిషాలే కాళ్ళూ చేతులూ మాట వింటాయి. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి గంటదాకా పడుతుంది. చలికి గడ్డకట్టి పోతామని మనం భయపడతాం గాని, చాలామంది పోయేది ఆ మొదటి నిమిషాల్లోనే. కోస్టుగార్డువారి లెక్కప్రకారం 2023లో ఆ దేశంలో షికారు పడవల ప్రమాదాల్లో పోయినవారు 564 మంది. కారణం తెలిసిన మరణాల్లో నూటికి 75 మునిగిపోయినవి. అలా మునిగినవారిలో నూటికి 87 మంది ఒంటిమీద జాకెట్టు లేదు.

ఆ రాత్రి దుప్పట్లో ముడుచుకుని కూర్చుంటే, మనవైపు సంగతే గుర్తుకువచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగి యాభైమంది దాకా పోయారు. ఆ ఒడ్డున ఉండే గిరిజనులు తమ పడవలు వేసుకుని వెళ్ళి కొంతమందిని బతికించారు. వందేళ్ళకుపైగా నడిచిన 1917నాటి పడవల చట్టం స్థానే మన దేశానికి 2021లో కొత్త చట్టం వచ్చింది. చట్టాలు వస్తాయి. జాకెట్టు కట్టు మాత్రం ఎవరో ఒకరు దగ్గరుండి బిగించాలి.

మర్నాడు కృతజ్ఞత చెప్పుకోవడానికి, మా ఆవిడ చేసిన జంతికలు పట్టుకుని ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. మాటల్లో, “నిబంధనలంటే మీకెందుకింత ప్రీతి?” అని అడిగాను. ఆవిడ కాసేపు ఊరుకుంది.

“అన్ని నిబంధనలూ కాదు” అంది. ఆవిడ చిన్నప్పుడు ఇటువంటి చెరువు ఊళ్ళు ఇంకా ఉండేవి. వాటి దస్తావేజుల్లోనే, నల్లవారికి అమ్మరాదనీ, కొన్నిచోట్ల యూదులకు కూడా అమ్మరాదనీ రాసుకునేవారు. అటువంటి షరతులను కోర్టులు అమలు జరపరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా ఇళ్ళ అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968 దాకా రాలేదు. వర్జీనియా అంతా ఇంకా గిరిగీసుకుని ఉన్న 1964లోనే, ఎవరైనా వచ్చి ఉండవచ్చునని తలుపులు తెరిచి ఈ ఊరు కట్టాడు సైమన్. “చెరువు ఒడ్డున ఎవరుండాలో చెప్పేదీ నిబంధనే, నీళ్ళలో ఎలా ఉండాలో చెప్పేదీ నిబంధనే. నేను ఈ రెండోరకం వాటికోసమే ఆ బొత్తి చదువుతాను” అంది.

మొదటిరకం గనక ఈ ఊళ్ళో ఉండి ఉంటే మా అల్లుడి పడవ ఎక్కడుండేది?

సైమన్ తన నూటొకటో ఏట, 2015లో పోయాడు. చివరి రోజులదాకా ఏన్ చెరువు ఒడ్డునే కాపురముండేవాడు. అక్కడి అంగడివీధిలో, ఒక బల్లమీద కూర్చున్నట్టు ఆయన కంచు విగ్రహం ఉంది. పక్కన ఇంకొకరు కూర్చునేందుకు చోటు వదిలారు. మా ఆవిడా నేనూ అక్కడ ఫొటో తీయించుకున్నాం.

తిరుగుప్రయాణానికి రెండురోజుల ముందు మనవడు మళ్ళీ పడవ అన్నాడు. ఈసారి మా ఆవిడ కూడా వస్తానంది. చీరమీద ఆ నారింజరంగు జాకెట్టు తొడిగేసరికి, “తిరునాళ్ళలో దారితప్పినవాళ్ళను పోల్చుకోవడానికా ఇది?” అని నవ్వింది. మావాడు మాత్రం నవ్వలేదు. మోకాళ్ళమీద కూర్చుని నాయనమ్మ కట్టు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి బిగించి – ఆవిడ అమ్మమ్మ అని ఎన్నిసార్లు చెప్పినా వాడు నాయనమ్మనే అంటాడు – నావైపు తిరిగాడు. రెండు భుజాలూ పట్టుకుని జాకెట్టును పైకి లాగి చూశాడు. చెవులదాకా రాలేదు.

“సరే, ఎక్కు తాతయ్యా. కుడిచేతివైపు తప్పుకోవాలి, గుర్తుందా?” అన్నాడు.